అక్షరాలు తుడిచిన వాల్వులు

మొన్న మంగళవారం పొద్దున పంజాగుట్ట నుంచి యాభై దాటిన ఒకాయన మా బోరబండ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, దుప్పట్లో చుట్టి తెచ్చిన ఇనుప పెట్టె ఒకటి నా మంచం మీద దించాడు. మన వయసువాళ్లు ఎరుగుదురు, వాల్వులతో నడిచే ప్రీయాంప్లిఫయర్ అది; రికార్డు మీద సూది పట్టుకొచ్చే సన్నని చప్పుడును బలపరిచి పెద్ద యాంప్లిఫయర్‌కు అందించే పెట్టె. తండ్రిగారిదట, ఏళ్ల తరబడి మూగగా పడి ఉందట, వాల్వుల పని తెలిసిన ముసలాయన ఒకడు ఇంకా బతికే ఉన్నాడని మైత్రీవనం దగ్గర ఎవరో చెప్తే వచ్చాడట.

దానితోపాటు ఒక బిస్కెట్ డబ్బా కూడా తెచ్చాడు. "ఇవి దొంగ వాల్వులంటండి. అమీర్‌పేటలో ఎవరో మెకానిక్ మంచివి కొట్టేసి ఇవి పెట్టాడంట. నాన్నగారు ఈ రోజు వరకూ పారేయనివ్వలేదు," అని నవ్వుతూ మూత తీశాడు.

దూదిలో ఆరు వాల్వులున్నాయి. ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. లోపలి తీగ మాడి తెగిపోయింది, గాజు మాత్రం కడిగిన గ్లాసులా ఉంది, పేరు అచ్చువేసి ఉండాల్సిన చోట ఒక్క అక్షరం లేదు. అది ఎవరి చేతిపనో నాకు తెలుసు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, చేనేత ఊరి నుంచి మగ్గం వదిలి వచ్చి అమీర్‌పేటలో ఒక చిన్న రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసులో, పెళ్లయిన కొత్తలో, నేను ఆయన దగ్గర పనికి చేరాను. నాలుగో తరగతి దాకా చదివానని అబద్ధం చెప్పాను. బడి గడప తొక్కింది లేదు. తీగలు అతికే పనికి చదువెందుకనుకున్నాను. ఏ వాల్వు ఏ గుంటలోంచి తీశానో కళ్లతో గుర్తుపెట్టుకుని, తిరిగి అక్కడే గుచ్చేవాణ్ణి. బావ మాటకారి. నేను వాల్వు తీస్తుంటే, "ఏందిరా బామ్మర్ది, వాల్వు పీకుతున్నవా, పన్ను పీకుతున్నవా? జర మెల్లగ, అది ఏడ్వది, పగులుతది!" అని దుకాణంలో ఉన్నవాళ్లందరినీ నవ్వించేవాడు. అంతమంది ముందు నాకు చదువు రాదని చెప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది.

ఆ ఏడు దసరాకు బావ, అక్క ఊరికి పోయారు. పోతూ పోతూ, పండుగనాడు పనిముట్లు కడిగి బొట్టు పెట్టమనీ, పంజాగుట్ట సారు సెట్టు దుమ్ము దులిపి, దాని వాల్వులు దానికి పెట్టి ఇచ్చి రమ్మనీ చెప్పాడు. ఆ సారు కోస్తా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, సంగీతమంటే ప్రాణం; ఈ ఇనుప పెట్టె ఆయనదే. ఆయన సెట్టు వాల్వులూ, ఇంకో రెండు సెట్ల వాల్వులూ పక్కపక్కనే రేకు పళ్లెంలో ఉన్నాయి. మా ఇళ్లలో దసరాకు మగ్గాన్నీ, దారం నడిపే నాడెనూ తుడిచి బొట్టు పెడతారు. నేనూ అలాగే స్క్రూడ్రైవర్లు కడిగి, తడిగుడ్డతో ప్రతి వాల్వునూ తుడిచి, పళ్లెంలో వరసగా నిలబెట్టి, కుంకుమ పెట్టి దండం పెట్టాను. గాజు మీది తెల్లటి అచ్చు గుడ్డకు అంటుకుని వచ్చేసింది. చదవలేనివాడికి అక్షరమూ మరకే. గాజు తళతళలాడుతుంటే మురిసిపోయాను.

పూజయ్యాక చూస్తే అన్నీ ఒకే పొడుగు, ఒకే తొమ్మిది కాళ్లు. ఏది ఎవరిదో తెలియలేదు. గుంటలో పట్టినవి సారు సెట్టుకు గుచ్చాను. పాట పలికింది, వాల్వులు మునుపటికన్నా ధగధగ వెలిగాయి. బాగా వెలిగితే బాగున్నట్టే అనుకుని ఇచ్చి వచ్చాను. తక్కువ కరెంటు తాగే వాల్వుకు ఎక్కువ కరెంటు పడితే అలాగే వెలిగి, కొద్దిరోజుల్లో మాడిపోతుందని నాకు అప్పుడు తెలియదు.

పది రోజుల్లో రెండు పోయాయి. బావ ఇంకా సొంతూళ్లోనే ఉన్నాడు. అదే పళ్లెంలోంచి ఇంకో రెండు పెట్టాను, అవీ పోయాయి, మళ్లీ పెట్టాను. మూడోసారి సారు తానే వచ్చాడు. అప్పటికి బావ తిరిగొచ్చాడు. సారు మాడిన వాల్వులు బల్ల మీద పెట్టి, "ఏళ్లపాటు రావాల్సినవి పది రోజుల్లో పోవడమేంటి? నా వాల్వులు అమ్ముకుని, ఇవి గుర్తుపట్టకుండా పేర్లు చెరిపేశావు. దొంగ కాకపోతే పేరు ఎందుకు చెరుపుతాడయ్యా?" అన్నాడు, వీధంతా వినేట్టు.

బావ ఒక వాల్వు చేతిలోకి తీసుకుని, దాన్ని చూసి, నన్ను చూశాడు. నాకు చదువు రాదన్న సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది. నేను తల దించుకున్నాను.

"నేనే తుడిచిన సార్. దొంగతనం మాత్రం జెయ్యలే," అన్నాడు బావ.

సారు ఆ మాడిన వాల్వులన్నీ సాక్ష్యమని ఏరుకుని పోయాడు. వాల్వు సెట్లున్న ఇళ్లన్నీ ఆయన ఎరిగినవే. ఏడాది తిరక్కుండా దుకాణం మూతపడింది. బావ ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టలుకు వాచ్‌మన్‌గా కుదిరి, ఆ గేటు దగ్గరి కుర్చీలోనే పోయాడు. నా మీద మచ్చ లేదు గనుక నాకు ఇంకో దుకాణంలో పని దొరికింది. నన్ను ఒక్క మాటా అనకుండా పోయాడాయన. అక్క మాత్రం, "నీ బావ దొంగ కాదు కదరా?" అని పోయేదాకా అడుగుతూనే ఉంది. "కాదక్కా," అనేవాణ్ణి. తుడిచింది నేనని మాత్రం చెప్పలేదు.

నలభై దాటాక మా బిడ్డ పలక మీద తెలుగూ, ఇంగ్లీషూ అక్షరాలు దిద్దుకున్నాను. ఎవరినో ఉద్ధరించడానికి కాదు, వాల్వు పేరు చదవడానికి. అప్పటికి వాల్వుల కాలమే పోయింది.

ఆ డబ్బా వచ్చిన మర్నాడే పంజాగుట్ట పోయాను. సారుకు తొంభై దాటాయి, చెవులు పూర్తిగా పోయాయి. ఏదైనా కాగితం మీద రాసి చూపించాలని కొడుకు చెప్పాడు. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: ఆ పేర్లు తుడిచింది నేను. అప్పుడు నాకు చదువు రాదు. ఒకదానికి ఒకటి మార్చి పెట్టింది నేనే. మా బావ దొంగ కాదు.

ఆయన భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాడు. తర్వాత, వినపడనివాళ్లు అరిచినట్టే అరిచి, "మరి ఆయన్నెందుకు తీసుకురాలేదయ్యా? తీసుకురా. ఆయన కాళ్లు పట్టుకోవాలి నేను," అన్నాడు.

ఆ కాగితం మీదే, కింద, పోయిండు అని రాశాను.

తిరిగి అమీర్‌పేట మీదుగా నడిచి వచ్చాను. బావ దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఏవో కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఐదంతస్తుల దాకా ఉన్నాయి. సగం ఊరు చదువుకోవడానికి అక్కడికే వస్తుందట. అన్నీ చదివాను, పైనుంచి కింది దాకా, ఒక్కటీ వదలకుండా. ఒకప్పుడు ఆ చోట ఒకే ఒక్క బోర్డు ఉండేది. దాని మీద బావ పేరు రాసి ఉండేదని అందరూ అనేవాళ్లు. నాకు చదవడం వచ్చేనాటికి దాన్ని దించేశారు.