నాయిన గొంగడి

నిన్నటి ముసురుకు దండెం మీది గొంగడి తడిసింది. ఆ తడి ఉన్ని వాసన నన్ను మళ్లీ ఏడేళ్ల పిల్లను చేసి మా ఊరు మోతెలో కూర్చోబెట్టింది.

ఏటా చలికాలం రాగానే నాయిన గొర్రెలను బల్లకట్టు ఎక్కించి, కృష్ణ దాటించి, మేత కోసం దక్షిణానికి తోలుకుపోయేవాడు. ఎండలు ముదిరేదాకా అమ్మకూ నాకూ ఆయన మొహం కనిపించేది కాదు. "గొంగడి లేంది గొర్లకాపరి ఊరు దాటడు" అని మా నాయనమ్మ అనేది. నేనది నిజమని నమ్మాను. ఆ ఏడు బయల్దేరే పొద్దున గొంగడిని సందుకలో కుక్కి, మూత మీద ఎక్కి కూర్చున్నాను.

"నా గొంగడేదే బిడ్డా?"

"నాకేమెరుక? గొర్లనడుగు."

"జర దిగు, సందుకల సూస్త."

"దిగ. నువ్వు పోవద్దు, గంతే!"

"నీ మొండి గుణం పాడుగాను!" అని నవ్వి, నాయిన నా జడలో చిక్కుకున్న నల్లటి ఉన్నిపోగును తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అమ్మ పాత చీర ఒకటి భుజాన కప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ చలికాలమంతా అమ్మా నేనూ ఆ గొంగడి కప్పుకునే పడుకున్నాం. అన్నీ తెలిసే దాన్ని మాకు వదిలి వెళ్లాడని ఇప్పుడు అర్థమవుతోంది. అయినా నాది తప్పని ఒప్పుకోను. నాయిన ఇవాళ మళ్లీ బయల్దేరినా సరే, నేను ఆ సందుక దిగను.