దారం చూసి దిగిపోయిన బ్యాచ్

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి అలసట అంటే ఏమిటో తెలియదని అంటారు. ఉత్త మాట. ఆ రోజుల్లో నాకు బాగా తెలిసింది అదొక్కటే. పగలంతా ఒక ప్రైవేటు బడిలో ఆరు పీరియడ్లు, సాయంత్రం మెదక్ చౌరస్తా దగ్గర ఒక మందుల దుకాణం మీది అంతస్తులో పదో తరగతి ట్యూషను, రెండింటి మధ్య ఒక చాయ్ (అది కూడా చాలాసార్లు సగమే). మొన్న మా హెడ్మాస్టర్ గారు స్టాఫ్ రూములోకి తొంగిచూసి, బాలల దినోత్సవానికి పెద్ద క్లాసుల ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడుకునే ఆటలు నాలుగు ఆలోచించమని చల్లగా చెప్పి వెళ్లిపోతే, కుర్చీలో కూలబడ్డాను. వయసు మీదపడుతోంది పాపం అనుకున్నారు తోటివాళ్లు. ఆ పని నేను ఒకసారి చేసి ఉన్నానని వాళ్లకు తెలియదు.

ఆ ట్యూషన్ నడిపే సారు మంచివాడే గానీ, ఆకు కదిలినా భయపడే రకం. బ్యాచ్‌లో పద్నాలుగు మంది మగపిల్లలు, పదకొండు మంది ఆడపిల్లలు. గది మధ్యలో ఒక మనిషి నడిచేంత ఖాళీ. దాన్ని దాటి ఒక రబ్బరు ముక్క అటు పోవాలన్నా నా చేతి మీదుగా పోవాల్సిందే. అయినా సరే, ఒక అమ్మాయి తండ్రి, బజారులో టైలర్ దుకాణం ఉన్నాయన, మేమందరం చాచా అనేవాళ్లం, ఆడపిల్లలకు వేరే బ్యాచ్ ఉంటే బాగుంటుందని సారు చెవిన వేశాడు. సారు వెంటనే దసరా తర్వాత రెండు బ్యాచ్‌లు అన్నాడు. అంటే ఐదు గంటలకు మగపిల్లలకు వర్గ సమీకరణాలు, ఆరున్నరకు ఆడపిల్లలకు మళ్లీ అవే వర్గ సమీకరణాలు. జీతం మాత్రం ఒక్కటే. నాకు ఏడుపొక్కటే తక్కువ. పిల్లలు బుద్ధిమంతులని గట్టిగా వాదించాను. సారు కాసేపు గడ్డం గోక్కుని ఒక దారి చూపించాడు. "శనివారం మన ట్యూషన్ పెట్టి ఏడాదైతది. చిన్న పార్టీ చేద్దాం. ఆటలు మీరే పెట్టుండ్రి. చాచాను గూడ పిలుస్త. లొల్లి గాకుంట అయిపోతే బ్యాచ్ గిట్లనే ఉంటది."

వారం రోజులు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మ్యూజికల్ చైర్స్ అనుకుంటే మాకు కుర్చీలే లేవు, చాపలు. కళ్లకు గంతలు కడితే ఎవరి చేయి ఎవరికి తగులుతుందో. అంత్యాక్షరి పెడితే రెండో పాటకే ప్రేమ పాట వస్తుంది, కింద మందుల దుకాణంలో అది వినడానికి ఊళ్లో సగం మంది ఉంటారు. బెలూను ఊది పగలగొట్టడం ఒక్కటే మిగిలింది గానీ, అది చిన్నపిల్లల ఆటని మా చెల్లెళ్లు ముగ్గురూ కొట్టిపారేశారు. చివరికి డిగ్రీలో ఉండగా నర్సాపూర్ అడవి దగ్గర క్యాంపులో ఆడిన దారాల ఆట గుర్తొచ్చింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒక్కొక్కరి రెండు మణికట్లకు ఒక పొడుగాటి దారం రెండు కొసలూ కడతారు. ఒకరి దారం ఇంకొకరి దారంలోంచి పోయి ఉంటుంది. ముడి విప్పకుండా, దారం తెంపకుండా ఇద్దరూ విడిపోవాలి. ముట్టుకునే పని లేదు, మాట్లాడుకోక తప్పదు, బుర్ర పెట్టాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను. బజారులో ఏ దుకాణం చూసినా ఎర్రవి, పచ్చవి, జరీ కలిపినవి దారాలు వేలాడుతున్నాయి. ఎందుకిన్ని వచ్చాయని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఉన్నవాటిలో తళతళలాడేవి తెచ్చాను.

మరో నాలుగు రోజుల్లో రాఖీ పండుగ. మాది నలుగురు ఆడపిల్లల ఇల్లు, అన్నదమ్ములు లేరు, కాబట్టి ఆ పండుగ మా గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. ఇక మా వైపు బడుల్లో ఒక పద్ధతి ఉండేది. ఫలానా అబ్బాయి ఫలానా అమ్మాయిని చూస్తున్నాడని పంతుళ్లకు అనుమానం వస్తే చాలు, ఆ అమ్మాయి చేత వాడికి రాఖీ కట్టించి కథ ముగించేవారు. అందుకే రాఖీ వచ్చిందంటే మగపిల్లల్లో సగం మందికి జ్వరాలు వచ్చేవి. ఇదంతా నాకు తెలియక కాదు. పాఠాలు చెప్పీ చెప్పీ తల ఖాళీ అయిపోయి గుర్తు రాలేదు, అంతే.

శనివారం కొత్త చీర కట్టుకుని వెళ్లాను. సమోసాలు వచ్చాయి. సారు చాచాను తీసుకురావడానికి బజారుకు వెళ్లాడు. నేను సంచిలోంచి దారాలు తీసి, ముడులు చక్కగా వేస్తారు కదా అని ఆడపిల్లలకు పంచి, మగపిల్లల వైపు తిరిగి, అందరూ చేతులు చాపండి, వాళ్లు వచ్చి కడతారు అన్నాను.  మరుక్షణం మెట్ల మీద పద్నాలుగు జతల చెప్పుల శబ్దం. కిటికీలోంచి చూస్తే అందరూ రోడ్డుకు అవతల నిలబడి ఉన్నారు. ఒకడు సమోసా కూడా పట్టుకుపోయాడు.

నేను కిందికి పోయాను. కౌడిపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక పొడుగాటి పిల్లవాడు వాళ్లకు పెద్ద. ప్రతి తగువూ వాడే తీరుస్తాడని అందరూ సర్పంచ్ అనేవారు. రాఖీ కాదు, ఆట అని ఎంత చెప్పినా వాడు నమ్మలేదు, పోయినేడు బడిలో కూడా ఆటనే అన్నారట. బాల్కనీలోంచి చాచా బిడ్డ వంగి, "మీకు కట్టాలని మాకేం గంత సోకు లేదు" అని చెప్పింది. పిల్లలు ఇంకో రెండడుగులు వెనక్కి వేశారు. ఇంకాసేపట్లో సారు వస్తాడు, చాచా వస్తాడు, నడిబజారులో పంచాయితీ చూస్తారు.  మెట్టు మీద కూర్చుండిపోయాను, కొత్త చీరతోనే.

"మీరు రాకుంటే బ్యాచ్ వేరు చేస్తరు. ఒక్కటే పాఠం నేను రెండుసార్లు చెప్పాలె. నాతోని కాదు బిడ్డా" అన్నాను. పంతులమ్మ అలా అనకూడదు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

 సర్పంచ్ రోడ్డు దాటి వచ్చి చేతులు చాపాడు. "మీరు కట్టుండ్రి మేడమ్. మీరైతే ఏం గాదు."

వాడి వెనక పదమూడు మంది వరస కట్టారు. పైన ఆడపిల్లలు ఒకరికొకరు కట్టుకున్నారు. అందరికీ ముందు ఒక చేతికే, రెండో కొస జతలు కలిపేటప్పుడు. నేను మెట్ల మీద వంగి ముడి తర్వాత ముడి వేస్తున్నాను, అప్పుడు వచ్చారు బజారు నుంచి సారు, చాచా. పిల్లలందరి చేతులకూ తళతళలాడే దారాలు. అవి ఆడపిల్లలు కట్టిన రాఖీలు, నేను ముడులు సరిచేస్తున్నాను అనుకున్నాడేమో, చాచా మొహం విప్పారింది. "మంచిగ చేసినవ్ బేటీ. అందర్ని అన్నచెల్లెండ్లను చేసినవ్. ఇగ వేరే బ్యాచ్ ఎందుకు సార్?" అన్నాడు. సారు తలూపాడు. కాదు, ఇది ఆట అని చెప్పాల్సిన బాధ్యత నాదే. నోరు తెరిచాను కూడా. ఐదు గంటల వర్గ సమీకరణాలు, ఆరున్నర వర్గ సమీకరణాలు కళ్ల ముందు కనిపించి మూసేశాను. నేను భయపడింది ఆ పద్నాలుగు మంది గురించే. దేనికి భయపడి పారిపోయారో అదే వాళ్ల నెత్తిన పడింది, అందరి ముందూ. ఒక్కడూ కిక్కురుమనలేదు. చాచా పైకి వెళ్లాక సర్పంచ్ నా పక్కకు వచ్చి, "మీ కోసమే ఊకున్నం మేడమ్" అని మెల్లగా చెప్పి మెట్లెక్కాడు.

ఆటలో ఒక్క జత కూడా విడిపోలేదు. ఎలా విడిపోవాలో నేనే మరిచిపోయాను. కత్తెరతో కోసి ఇళ్లకు పంపాం. బ్యాచ్ మాత్రం పరీక్షల దాకా ఒక్కటిగానే ఉంది. ఆ తర్వాత నేను సర్కారు బడిలో చేరాను. పద్దెనిమిదేళ్లుగా ఏ, బీ, సీ మూడు సెక్షన్లకు అవే వర్గ సమీకరణాలు మూడుసార్లు చెబుతున్నాను. రెండుసార్లు చెప్పాల్సి వస్తుందని నడిమెట్ల మీద ఏడ్చిన ఆ కొత్త చీర పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, జాలి కూడా వేస్తుంది. కాసేపు ఆ మెట్టు మీద ఆమె పక్కన కూర్చోవాలనిపిస్తుంది. నిన్న హెడ్మాస్టర్ గారికి ఇవ్వాల్సిన కాగితం మీద మొదటి ఆట దారాల ఆట అని రాశాను. కాసేపు ఆలోచించి, దాని పక్కనే, ముడులు నేనే వేస్తాను అని కూడా రాశాను.