గోధుమల ఊపిరి

నానబెట్టిన పెసలు మొలకెత్తాక గాజు సీసాలో పోసి బిరడా బిగించేదాన్ని. మర్నాడు తరగతిలో బిరడా తీసి వెలుగుతున్న అగ్గిపుల్ల లోపలికి దించితే ఆరిపోయేది. గింజకు ప్రాణం ఉందని, మనలాగే తనలోని పిండిపదార్థాన్ని ఆక్సిజన్‌తో నెమ్మదిగా మండించి శక్తి తీసుకుంటుందని, సీసాలోని ఆక్సిజన్ అలా అయిపోయిందని చెప్పేదాన్ని. డెబ్బైల చివర విశాఖలో ఒక ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పడం నా పని.

మా ఆయన పోర్టులో సరుకు దించే ముఠాకు మేస్త్రీ. వంటింట్లో ఆ సీసా చూసినప్పుడల్లా ఏడిపించేవాడు.

"ఏటే టీచరమ్మా, పెసలు కూడా ఊపిరి పీలుత్తాయా? ముక్కెక్కడుందే ఈటికి?"

"ముక్కు అక్కర్లేదు. ఆకు ఎండను పిండిగా మార్చి దాస్తుంది. గింజ దాన్ని ఖర్చు పెట్టుకుంటుంది. మనం తిని ఖర్చు పెట్టుకుంటాం. అంతే తేడా."

"అయితే నానూ నీ పెసలూ ఒకటే అంతావు!"

గింజల ఓడలో గాలి చెడుతుందని ఆ ముఠాకు తెలియక కాదు. వారాల తరబడి మూసి ఉన్న ఓడ రాగానే పెద్ద మూత తీసి, తాడు కట్టి లాంతరు దించేవారు. వెలుగుతుంటేనే దిగేవారు. ఒక రోజు వచ్చిన గోధుమల ఓడలోనూ అలాగే దించారు. బాగా వెలిగింది. కానీ మనుషులు దిగేది ఆ మూత దగ్గర కాదు. మూలన బావిలాంటి ఇనుప గొట్టం, దానికి వేరే చిన్న మూత, లోపల నిచ్చెన. గోధుమలు ఆక్సిజన్ వాడుకుని వదిలిన గాలి కంతల్లోంచి చేరి దాని అడుగున నిలిచి ఉంది. మేస్త్రీ కాబట్టి ఆయనే ముందు దిగాడు. అడుగున కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

నడుముకు తాడు కట్టుకుని ఆయన కోసం దిగినవాణ్ణి స్పృహ తప్పితే పైకి లాగారు. తేరుకున్నాక మా ఇంటికొచ్చి ఏడ్చాడు.

"లాంతరు ఆరనేదొదినా. పెద్ద మూత కాడ సూసాం."

"నిచ్చెన గొట్టంలో దించలేదా?"

"అక్కడెందుకొదినా? అది దారే కదా."

ముఠాకు పని ఇచ్చే కంపెనీ ఆఫీసరు మాత్రం గుండెపోటు అన్నాడు.

"గుండె ఆగిపోయిందమ్మా. పాత జబ్బేమైనా ఉందా?"

"చచ్చిపోయినవాళ్లెవరికైనా గుండె ఆగుతుంది బాబూ. గాలి లేక పోయాడని ఒప్పుకోండి. లేకపోతే రేపు ఇంకొకడు అదే గొట్టంలో దిగుతాడు."

మాటలతో నమ్మడని ఇంకో రోజు మొలకల సీసా పట్టుకెళ్లాను. ఆఫీసరు బల్ల మీదే బిరడా తీసి అగ్గిపుల్ల దించాను. ఆరిపోయింది. ఆయన శ్రద్ధగానే చూశాడు.

"బాగుందమ్మా. కానీ ఇవి పెసలు. ఓడలోవి గోధుమలు కదా."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నేను సీసా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. కారణం గుండెపోటుగానే ఉండిపోయింది.

కొన్నాళ్లకు రేషన్ షాపుకు గోధుమలు వచ్చాయి. ఆ ఓడవో కాదో తెలియదు. గుప్పెడు నానబెట్టి, మొలక వచ్చాక అదే సీసాలో పోసి మూశాను. మర్నాడు పుల్ల దించితే ఆరిపోయింది. చూపించడానికి ఎవరూ లేరు. మిగిలినవి మరకు పంపి రొట్టెలు చేసుకున్నాను. ఆకలి తీరింది.