చంద్రమౌళి అభిప్రాయాలు

మా సందులో చంద్రమౌళికి అభిప్రాయం లేని విషయం లేదు. సెల్‌ఫోన్ల మీద ఉంది, ఢిల్లీ మీద ఉంది, మా బడి మీద అయితే మరీ ఎక్కువ ఉంది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. అవి నడిపేవాళ్ళు వేలమంది ఉన్నా, చెడిపోతే బాగుచేసేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో పేరున్నవాడు చంద్రమౌళి. శ్యాంసుందర్ సేఠ్ కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా మరమ్మతు పని ఆయనదే. చదివింది రెండో తరగతి. ఆ రెండేళ్ళు కూడా దండగే అనేవాడు.

మాది కోరుట్ల. సర్కారు బడి టీచరు ఉద్యోగం నన్ను సిరిసిల్లకు తెచ్చి, ఆయన పక్కింట్లో కిరాయికి పడేసింది. ఆయన బిడ్డ శ్రీవాణి నా దగ్గరే చదువుకుంది. తల్లి లేని పిల్ల. అన్నం వండి, తండ్రికి పెట్టి, నాకంటే ముందు బడి గేటు దగ్గర ఉండేది. ఆ పిల్ల లెక్కలు దిద్దడానికి నాకు ఎర్ర పెన్ను అవసరం పడేది కాదు. అలాంటి పిల్లను ఇంట్లో పెట్టుకుని ఆ మనిషి బాలయ్య హోటల్లో కూర్చుని, నాలుగు గోడల నడుమ చదువేంది, బయట నేర్చిందే చదువు అని ఉపన్యాసాలిస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

బిడ్డ చదువు సంగతేమిటని ఒకసారి కార్ఖానాకు పోయి మరీ అడిగాను. అక్కడ నలభై సాంచలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని అందరూ ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు కూడా ఆర్నెల్లలో ఆ విద్య పట్టుబడుతుంది. నేను గుమ్మంలో నిలబడి గొంతు చించుకోకుండా పెదవులు కదిలిస్తే ఆయన అక్కడి నుంచే అంతా పట్టేశాడు. దగ్గరికి వచ్చి నవ్వుతూ, "గీ విద్య ఏ బళ్ళె చెప్తరు టీచరమ్మ?" అన్నాడు. నేను బడికి తిరిగొచ్చాను.

సాంచ మొరాయిస్తే ఆయన పలకరించే తీరు వేరు. అరచెయ్యి చట్రం మీద ఆనించి కళ్ళు మూసుకుంటాడు. చెయ్యి మెల్లగా జరుపుతూ పోయి ఒకచోట ఆపుతాడు. జబ్బు అక్కడే ఉంటుంది. మనిషి సాంచ మాట వింటాడని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. నేనూ పిల్లలకు అదే చెప్పాను.

సెల్‌ఫోను ముట్టేవాడు కాదు. "ముఖం కనవడని మాట ఏం మాట?" అనేవాడు. తెలంగాణ రావాలని మా సందులో అందరికంటే ముందు అన్నవాడు ఆయనే, కానీ సభ ఉందంటే కదిలేవాడు కాదు. మైకుల మాట నమ్మొద్దని, ఎదురుగా నిలబడి చెప్తే మనిషి ముఖంలో నిజమూ అబద్ధమూ తెలిసిపోతాయని ఆయన సిద్ధాంతం. ఇంట్లో కూడా అంతే. ఆయన వెనక నిలబడి మాట్లాడితే పెద్దల పట్ల మర్యాద లేనట్టు లెక్క. శ్రీవాణి ఎప్పుడూ ముందుకొచ్చి, ముఖం చూసి మాట్లాడేది. చక్కని పెంపకం అనుకున్నాను. మైకుల గురించి ఆయనన్న మాటను ఒకరోజు ధర్నా శిబిరంలో నా మాటగా చెప్పుకుని చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. మైకులోనే.

రెండువేల పదకొండులో శ్రీవాణి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. డిప్లొమాకు పరీక్ష రాసింది. మొదటి విడతలో రాలేదు. జగిత్యాలలో ఒక కాలేజీలో కంప్యూటర్ కోర్సులో సీట్లు మిగిలాయని తెలిసింది. ఫీజు మాఫీ కావాలంటే ఆదాయం సర్టిఫికెట్ ఉండాలి. అది ఆఫీసులో ఆగింది. జులైలో మంగళ, బుధవారాలు రెండు రోజుల బందు పిలుపు వచ్చింది. బస్సులు ఆగితే ఇబ్బందని, శ్రీవాణి సోమవారం పొద్దున్నే జగిత్యాలలో మేనత్త జమున ఇంటికి వెళ్ళిపోయింది. సర్టిఫికెట్ చేతికి రాగానే తండ్రి శుక్రవారం తీసుకురావాలని ఒప్పందం. అది సోమవారం సాయంత్రమే వచ్చింది. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటం వెనక దాచి, నాకు చూపించి మరీ మళ్ళీ దాచాడు. చదువు దండగ అనే మనిషి కాగితాన్ని అంత పదిలంగా దాచడం చూసి ఆటపట్టించాను. నవ్వి ఊరుకున్నాడు.

మంగళవారం సాయంత్రం నా ఫోను మోగింది. జగిత్యాల కాయిన్ బాక్సు నుంచి శ్రీవాణి. బాపుకివ్వండి టీచర్, తొందరగా, అంది. నేను పరుగెత్తి ఆయన చేతిలో పెట్టాను. వద్దన్నాడు, వెనక్కి జరిగాడు. ఇప్పుడు కూడా నీ సిద్ధాంతాలేనా అన్నా అని కసిరి, చెవి దగ్గర పెట్టాను. ఆయన పట్టుకుని, "ఊఁ... ఊఁ... సరే బిడ్డ" అన్నాడు. లైను తెగిపోయింది. ఏమందని అడిగితే, "మంచిగున్నదట. శుక్రారం రమ్మన్నది" అన్నాడు. నేను ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

ఆ పిల్ల చెప్పింది వేరని తర్వాత తెలిసింది. బందుల గోలతో కాలేజీవాళ్ళు గడువు ముందుకు జరిపారు. గురువారం మధ్యాహ్నం దాటితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. గురువారం మొదటి బస్సుకు రావాలి బాపూ అని చెప్పింది. ఆయన సరే అన్నాడు.

గురువారం పొద్దున మళ్ళీ ఫోన్ చేసింది. మూడుసార్లు. నేను రోడ్డు మీద శిబిరంలో ఉన్నాను. ఆ రోజు మేము టీచర్లం పిల్లల్ని రోడ్డు మీద కూర్చోబెట్టి పాఠాలు చెబుతూ నిరసన చేస్తున్నాం. ఫోను బ్యాగులో ఉంది. తర్వాత చూసుకుని తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాయిన్ బాక్సు కదా. పెద్ద పనిలో ఉన్నాననుకుని ఫోను మళ్ళీ బ్యాగులో వేశాను.

శుక్రవారం చంద్రమౌళి ఉతికిన చొక్కా తొడుక్కుని, కవరు చంకలో పెట్టుకుని జగిత్యాల పోయాడు. జమున నాకు తర్వాత చెప్పింది. గడపలోకి రాగానే శ్రీవాణి ఆయన ముఖంలోకి చూసి, "సరే అన్నవు గద బాపు" అన్నదట. ఆయన చంకలోని కవరు తీసి చాపాడట. ఆ పిల్ల తీసుకోలేదట.

మరి మా సందు ఊరుకుంటుందా? తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. చదువు దండగని పదేళ్ళ నుంచి చెప్తున్నవాడు, కావాలనే పోలేదన్నారు. బాలయ్య హోటల్లో ఆయన అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ తీసి ఆయన మీదే సాక్ష్యానికి పెట్టారు. శ్రీవాణి కూడా అదే నమ్మింది. నేనూ నమ్మాను. నా కోపం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ పిల్లను అక్కడిదాకా తీసుకొచ్చింది నేను.

శ్రీవాణి తిరిగొచ్చి నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. ఇంట్లో రాట్నం పెట్టుకుని పొద్దంతా తిప్పేది. తండ్రికి పళ్ళెం పెట్టి, ముఖం తిప్పుకుని, అనాల్సింది గోడకు చెప్పేది. సందంతా వినేది. ఆయన తలొంచుకుని తినేవాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాం.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు ఆగింది, కరెంటు ఆగింది, సాంచలు ఆగాయి. సిరిసిల్లలో సాంచలు నడవకపోతే చెవుల్లో ఏదో ఊడిపోయినట్టుంటుంది. బడి కూడా లేదు. చేతిలో పని లేనివాళ్ళకు కోపం మహా బాగా వస్తుంది. ఒకరోజు శ్రీవాణి కండెలు ఇచ్చి రావడానికి పోయినప్పుడు ఆ ఇంట్లోకి పోయాను. ఆయన నాకు వీపు పెట్టి కూర్చుని ఏదో ఇనుప ముక్క అరగదీస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాను. నీ బిడ్డ నోట్లో మన్ను కొట్టినవన్నా అన్నాను. తల్లి ఉంటే ఇట్లా చేయనిచ్చేదా అన్నాను. ఆయన కదల్లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని కూడా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే నోరు చేదవుతుంది.

అప్పుడే పిల్లి దుంకి, గూట్లోని ఇత్తడి చెంబు బండల మీద పడింది. నేను ఎగిరిపడ్డాను. ఆయన చెయ్యి ఆగలేదు, వీపు కదల్లేదు. చెంబు దొర్లుకుంటూ వచ్చి ఆయన మోకాలికి తగిలింది. అప్పుడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, "ఎప్పుడచ్చినవ్ టీచరమ్మ?" అన్నాడు.

ఎదురుగా కూలబడి, ఎన్నాళ్ళ నుంచన్నా, అని గొంతు లేకుండా పెదవులు మాత్రమే కదిపాను. ఆయన చదివాడు. నాలుగేళ్ళ నుంచి అని చెప్పాడు. మొదట ఒక చెవి పోయింది, తర్వాత రెండోది. సాంచల చప్పుడు తాగేసింది. సాంచ మాట విన్నది నిజంగా ఒకప్పుడు. ఇప్పుడు చేతికి తెలిసే అదురుతోనే నెట్టుకొస్తున్నాడు. వినపడదని తెలిస్తే సేఠ్ పనిలోంచి తీసేస్తాడు. అందుకే ఫోను వద్దు, అందుకే మైకు వద్దు. ఒక్కొక్క అభిప్రాయం ఒక్కొక్క తడక. దాని వెనక దాక్కున్నాడు మనిషి.

ఇప్పుడే పోయి శ్రీవాణికి చెప్తానని లేచాను. ఆయన నా కాళ్ళకు అడ్డం పడ్డంత పని చేశాడు. అంతకు ముందెప్పుడూ ఆ మనిషి గొంతు అలా వినలేదు. ఆయనకైతే అదీ వినపడలేదు, అందుకే కాబోలు ఆపుకోలేకపోయాడు.

"కోపమున్న పిల్ల పోతది టీచరమ్మ. జాలి వడ్డ పిల్ల పోదు. నా చెవులు పోయినయని తెలిస్తె అది గడప దాటది. నన్ను తిట్టుకుంటనన్న పోనీ."

సేఠ్ సంగతి కాదు అసలు సంగతి. ఇదీ. చెడ్డ తండ్రిగా మిగిలితే వచ్చే ఏడు పరీక్ష రాసి, పంతం కొద్దీ వెళ్ళిపోతుందని ఆయన లెక్క. ఒట్టు పెట్టమన్నాడు. పెట్టాను.

సమ్మె ముగిసింది, సాంచలు మొదలయ్యాయి. చలికాలం వచ్చింది. ఒక ఆదివారం కార్ఖానా సెలవు. సాయంత్రం వాళ్ళ అరుగు మీద నేను కూర్చున్నాను. శ్రీవాణి వీధి వైపు తిరిగి రాట్నం తిప్పుతోంది. ఆయన గడప లోపల కూర్చుని, సాంచలో పోగు మోసే నాడెకు గాజుకాగితం రుద్దుతున్నాడు. ఇద్దరికీ మధ్య నేను. రాట్నం ఆగింది. ఆ పిల్ల తల తిప్పకుండానే, మెల్లగా అంది.

"బాపు, మళ్ళ పరీక్ష రాద్దమనుకుంటున్న. నా కోపం పోయింది. నువ్వొక్కసారి సరే అను, చాలు."

లోపల గాజుకాగితం చప్పుడు అలాగే సాగింది. ఆమె ఎదురుచూసింది. ఎదురుచూసి, ఎదురుచూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, చూసినవా టీచర్, అంది. నేను ఆగలేకపోయాను. మీ బాపుకు వినపడదు శ్రీవాణీ, నాలుగేళ్ళ నుంచి వినపడదు, ఆ రోజు ఫోనులో నీ మాట ఒక్కటి కూడా వినలేదు, అని మొత్తం చెప్పేశాను. ఆ పిల్ల లేచి పోయి తండ్రి ముందు కూర్చుంది. ఆయన ఆమె ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. నాడె కింద పెట్టేశాడు.

శ్రీవాణి పరీక్ష రాయలేదు. ఫారం నేనే తెచ్చాను, నేనే నింపాను, సంతకం పెట్టమంటే నవ్వి వద్దంది. "నేను పోతే బాపుతోని ఎవలు మాట్లాడుతరు టీచర్?" అంది. ఇప్పుడు తండ్రితో పాటు కార్ఖానాకు పోతోంది. సాంచ చప్పుడు ఆమె వింటుంది, ఆయన చేతులు బాగుచేస్తాయి. సేఠ్‌కు ఇంకా తెలియదు. ఒక మనిషి జీతానికి ఇద్దరు దొరికారని సంతోషంగా ఉన్నాడు.

చంద్రమౌళి నన్ను ఒక్క మాట అనలేదు. బాలయ్య హోటల్‌కు పోవడం మానేశాడు. ఇప్పుడు ఏ విషయం మీదా ఆయనకు అభిప్రాయం లేదు.

నేను నిజం చెప్పానని మొదట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. టీచరును, నిజం చెప్పడం నా పని అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం గడప నా చేతికి అందేంత దూరంలో ఉంది. లోపలికి వంగి ఆయన భుజం తట్టి, సరే అనమని పెదవులు కదిపితే సరిపోయేది. ఆయన సరే అనేవాడు. పిల్ల వెళ్ళిపోయేది.