ఎర్రకుంట హాల్టులో ముగ్గులు

శాంతకుమారి పుట్టింది కోదాడలో. పెళ్లయి మిర్యాలగూడ దగ్గరి ఎర్రకుంటకు వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆమె మాటలోంచి కోదాడ పోలేదు. "టికెట్ తీసుకోండి" అంటే చాలు, "తీస్కోండ్రి అనరాదా?" అని ఆకుకూరలమ్మే సాయమ్మ ఆటపట్టించేది. భర్త మేళ్లచెరువు సిమెంటు లారీ మీద తిరుగుతాడు. ఆమె మా ఊరి రైల్వే హాల్టులో టికెట్లమ్ముతుంది. రైల్వే ఉద్యోగం కాదు, కమీషన్ మీద పని.

పొద్దున ఏడున్నరకు ఒక్క ప్యాసింజర్ ఆగుతుంది, ఒక్క నిమిషం. సాయమ్మ గంపలు, రైసుమిల్లు హమాలీలు, దవాఖానకు పోయేవాళ్లు, కాలేజీకి పోయే మేము, అందరం దానిమీదే మిర్యాలగూడ పోతాం. రైలు పెట్టెల్లో ఎవరి డబ్బా వాళ్లది. పాత ప్లాట్‌ఫాం మీది రేకుల షెడ్డుకు ఆరు స్తంభాలు. వెనక నుంచి లెక్కపెడితే మూడోది హమాలీలది, నాలుగోది సాయమ్మది, ఆఖరిది మాది. ఎవరి స్తంభం దగ్గర వాళ్లు నిలబడితే డబ్బా తలుపు ముందుకొచ్చి ఆగేది.

పోయినేడు లైను మార్చారు. పాత పట్టాలు పీకేసి, పక్కన కొత్తవి వేసి, వాటికి అవతల సిమెంటు ప్లాట్‌ఫాం కట్టారు. అక్కడికి పోవాలంటే పట్టాల కింది దారిలోంచి చుట్టి రావాలి. ఎవరూ పోలేదు. ఆ బోడి ప్లాట్‌ఫాం మీద ఎవరి డబ్బా ఎక్కడాగుతుందో ఎట్లా తెలుస్తుంది? పాత స్తంభాల దగ్గరే నిలబడి, రైలు ఆగగానే కంకర మీదుగా ఉరికి, ప్లాట్‌ఫాం లేని వైపు నుంచే కమ్మీ పట్టుకుని ఎక్కేవాళ్లు.

ఒక మంగళవారం రైల్వే అధికారి వచ్చి అది చూశాడు. "సోమవారం మళ్లీ వస్తాను. ఒక్కరు ఈ వైపు నుంచి ఎక్కినా రైలు ఇక్కడ ఆగడం బంద్" అని శాంతకుమారికి చెప్పి పోయాడు. రైలు ఆగకపోతే మా ఊరికి బస్సు లేదు. ఆటోలో పోతే కూలిలో సగం దానికే. శాంతకుమారికైతే పనే ఉండదు.

"రేపట్నుంచి అటే రండి, మీకు దండం పెడతా" అని అందరినీ బతిమాలింది.

"అటొస్తే నా డబ్బా నాకు దొరుకుతదా? నెత్తిమీద గంప పెట్టుకొని నిమిషంల ఎంత దూరం ఉరకాలె?" అంది సాయమ్మ.

అడిగింది న్యాయమే. మర్నాటి నుంచి మూడు రోజులు శాంతకుమారి టికెట్లిచ్చేసి అవతలికి పరుగెత్తింది. తలుపులు ఆగినచోట, రోజుకు రెండు డబ్బాల లెక్కన, రాళ్లు పెట్టింది. శనివారం పొద్దున్నే ఆ రాళ్లు తీసి పెద్ద పెద్ద ముగ్గులు వేసింది. చదువురానివాళ్లకు తెలియాలని మధ్యలో గుర్తులు గీసింది. హమాలీలకు బస్తా, సాయమ్మకు ఆకు, మాకు పుస్తకం. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది.

అందరూ వచ్చారు. వచ్చి, ముగ్గులకు దూరంగా నిలబడ్డారు. రైలొచ్చింది. తలుపులు సరిగ్గా ముగ్గుల ముందే ఆగాయి. జనం ముగ్గుల్ని తప్పించుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ అటూ ఇటూ ఉరికారు. సగం మంది ఎక్కనే లేదు.

"నిలబడమనే కదా వేసింది!" శాంతకుమారికి ఏడుపొచ్చింది.

"కొత్త ముగ్గును ఎవరన్న తొక్కుతరా పిల్లా? అండ్ల నా ఆకు మీద నేనే కాలు పెట్టాల్నా?" అంది రైలు తప్పిపోయిన సాయమ్మ. "క్రిస్మస్‌కు నీ వాకిట్ల స్టారు ముగ్గు ఏస్తవు గదా, తొక్కితే ఊకుంటవా?"

"ఊరుకోను" అని ఒప్పుకుంది శాంతకుమారి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నీ కడిగేసింది. ఈసారి ఒక్కో డబ్బాకు రెండేసి చిన్న ముగ్గులు వేసి, మధ్యలో తలుపంత ఖాళీ వదిలింది, గడపకు అటూ ఇటూ వేసినట్టు.

సోమవారం అధికారి వచ్చేసరికి ఎవరి గడపలో వాళ్లు నిలబడి ఉన్నారు. అయితే ఆ రోజు రైలు ఒక డబ్బా దూరం ముందుకు పోయి ఆగింది. సాయమ్మ ముందుకు హమాలీల డబ్బా వచ్చింది. ఆమె కదలలేదు. కళ్లు అవతలి పాత స్తంభం వైపు పోయాయి.

హమాలీ భద్రు ఉరికొచ్చి తన డబ్బా ఎక్కి, తలుపులోంచి చేతులు చాపాడు. "ఏం సూస్తున్నవ్ పెద్దమ్మా, గంప ఇటియ్యి. ఇయ్యాల మా ఇంటికి సుట్టమొచ్చినవనుకో."

"మీ బీడీల కంపుల కూసోవాల్నా?"

"ఇయ్యాల ఎవ్వడూ ముట్టియ్యడు, రా!"

గంప ఎక్కింది, వెనకే సాయమ్మ ఎక్కింది. ఆమెను చూసి మిగతావాళ్లు కూడా ఎవరి ముందున్న డబ్బాలోకి వాళ్లే ఎక్కారు. అధికారి వంగి, డబ్బాల సందులోంచి అవతలికి చూశాడు. కంకర మీద ఒక్క మనిషి లేడు.

"సరే, ఆగనిద్దాం" అన్నాడు.

రైలు కదిలింది. "శాంతా, రేపు నా గడప జర ముందుకెయ్యి!" అని సాయమ్మ తలుపులోంచి అరిచింది.

శాంతకుమారి వినలేదు. "ఏమన్నారు సార్? ఇంకోసారి చెప్పండి" అని అధికారిని అడుగుతోంది.