మూడేళ్ళ కంచె

1981లో అమెరికాలోని ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఎవరికి థీసిస్ టైపు కావాలన్నా ముందు విజయశ్రీ ఇంటికే వచ్చేవారు. ఆవిడ వేగమేమీ గొప్పది కాదు. ఇచ్చినదాంట్లో కామా కూడా కదపదు, అదీ పేరు. అంతకుముందున్న టైపిస్టు వాక్యాలు దిద్దబోయి పని పోగొట్టుకుంది.

ఆ వసంతంలో జూడిత్ అనే చరిత్ర విద్యార్థిని తెచ్చిన థీసిస్, ఏడువందల ఏళ్ళనాటి ఒక ఇంగ్లీషు జమీందారు అడవి గురించి. ఏటా అడవిలో ఒక ముక్కలో చెట్లన్నీ మొదళ్ళదాకా కొట్టించి, చుట్టూ కంచె వేయించి, ఊరి పశువుల్ని రానిచ్చేవాడు కాదట. మూడేళ్ళకు ఆ కంచె తనే తీయించేవాడట. నాలుగో అధ్యాయమంతా ఆయన క్రూరత్వం, ఆయన కాపలావాడి దుర్మార్గం, చివర కంచె తీయించడంలో ఇద్దరి పశ్చాత్తాపం.

విజయశ్రీకి నవ్వాగలేదు. వాళ్ళ నాన్న కొండల్ రావు నల్లమలలో ఫారెస్టు గార్డు. కూపు, అంటే అడవిలో ఆ ఏటి వంతు చెట్లు, కొట్టాక మొదళ్ళనుంచి లేచే పిలకల్ని మేకలు తినకుండా చూడటమే ఆయన ఉద్యోగం. దొరికినవాటిని బందెలదొడ్డికి తోలి, ఊరందరి తిట్లూ మోసుకుని ఇంటికొచ్చేవాడు.

"ఏమండీ, ఆ పిల్లకి చెప్పనా?" అని భర్త గోపాల్‌ని అడిగింది.

"చెప్పు. ఆ తర్వాత టైప్‌రైటర్ మీద పచ్చడి జాడీలు పెట్టుకుందాం."

చెబితే పని పోవచ్చు. చెప్పకపోతే కాపలావాణ్ణి తిట్టిన పేజీలన్నీ తన వేళ్ళతోనే కొట్టాలి.

శనివారం జూడిత్ రాగానే నాన్న ఉద్యోగం సంగతితో సహా చెప్పేసింది. పిలకలు పశువుల మూతికి అందనంత ఎదగడానికి మూడేళ్ళు పడుతుందని, కంచె లేకపోతే అడవే మిగలదని. జూడిత్ నాలుగో అధ్యాయం తీసి పేజీలు తిప్పింది. విజయశ్రీ టైప్‌రైటర్ మూత సర్దుతూ కూర్చుంది.

"మరి మేకల్ని కంచె తీశాక కూడా రానివ్వలేదే? అది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు," అంది జూడిత్.

"ఆవుకి నాలుగు కాళ్ళూ నేలమీదే ఉంటాయి. మేక వెనక కాళ్ళమీద లేచి నిలబడుతుంది."

జూడిత్ పకపకా నవ్వి, ఆ అధ్యాయం కాగితాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. పదిరోజులకు కొత్తది తెచ్చింది. అది టైపు పూర్తయ్యాక మళ్ళీ వచ్చి తలుపు దగ్గర నసిగింది.

"ఈ సంగతి తెలిసింది మీ నాన్నగారి వల్లనని పేజీ కింద ఒక నోట్ పెట్టాలని ఉంది. కానీ వరుసలు జరిగి ఎనిమిది పేజీలు మళ్ళీ కొట్టాలి కదా. వదిలేద్దామా?"

విజయశ్రీ అప్పటికే మెషీన్‌లోకి కొత్త కాగితం ఎక్కిస్తోంది.