ఎర్ర రంగు పూసిన గ్రిల్

1973 మే, చందానగర్ దగ్గర మా ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్, ఆదివారం ఉదయం తొమ్మిది. హాజరైనవారు: వంటమనిషి మల్లయ్య, ఇనుప సామాను తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షాపు ఫోర్‌మన్ సుబ్బారావు గారు, జూనియర్ ఇంజనీరునైన నేను. వస్తువులు: ఆరు కిలోల మేక మాంసం, బుట్టెడు వంకాయలు, రెండు బస్తాల బొగ్గు, మాంసం కాల్చడానికి నేను డ్రాయింగు గీసి చేయించిన ఇనుప గ్రిల్ ఒకటి. ఒంటిగంటకు పన్నెండు మంది విదేశీ ఇంజనీర్లు భోజనానికి వస్తారు.

మే ఎండలో నిప్పు చుట్టూ నిలబడి తినాలన్న సరదా మా మేనేజరుది. ఆ విదేశీయుల దేశంలో వేసవి అంటే అదేనట. మన వేసవి సంగతి ఆయనకు గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు. పైగా ఒక మాట అన్నాడు. భోజనం బాగుంటే మల్లయ్యను పర్మనెంట్ చేసే కాగితం మీద సోమవారం సంతకం పెడతాడట. లేకపోతే హోటలు నుంచి వేరే వంటవాణ్ణి తెస్తాడట. మల్లయ్య ఆరేళ్లుగా దినకూలీ.

గ్రిల్ మీద గోనెపట్టా తీశాను. మొత్తం ఎర్రగా ఉంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అంటే ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే రంగు. దాని మీద కాల్చింది తినకూడదు.

"దీనికి రంగెందుకు వేశారండీ?"

"ప్రైమర్ లేకుండా మా షాపు గేటు ఏదీ దాటదండీ," అన్నారు సుబ్బారావు గారు.

"దీని మీద మాంసం కాల్చాలండీ."

"ఆ సంగతి డ్రాయింగులో లేదు కదండీ. ఫినిష్ అన్నచోట ‘షాపు పద్ధతి ప్రకారం’ అని మీరే రాశారు. కొత్తవారు కదాని రెండుసార్లు పూయించాను."

డ్రాయింగు తీసి చూశాను. కమ్మీల మందం, మధ్య దూరం, కాళ్ల ఎత్తు, వెల్డింగు కొలత, అన్నీ కలిపి పదకొండు నోట్లు. రంగు వద్దన్న నోటు లేదు.

"మీ పంచాయితి ఇగ ఒడువదా సారూ?" అన్నాడు మల్లయ్య. "పొద్దుగాలనే బొప్పాయి, అల్లం, మిరియాలు పట్టించిన. మేక గోష్ ఇగ ఆగదు, మెత్తవడి ముద్దయితది. రాయి మీద కాలుద్దాం. పట్నంల షాదీలకు గట్లనే చేసిన."

వరండాలో ఉన్న షాబాదు బండ చూపించాను.

"గది పటాకి లెక్క పేల్తది. గ్రానైటు రాయి గావాలె. ఇంజనీర్లకు గీ ముచ్చట చెప్పరా?"

జీపులో కొండాపూర్‌లో మల్లయ్య ఇంటికి వెళ్లి, అతను ఇంటి ముందు అరుగు కోసం దాచుకున్న గ్రానైటు పలక తెచ్చాం. తడి ఉంటే రాయి పగులుతుందని తుడిచి ఎండలో పెట్టాడు. ఆ ఎండ వల్ల ఆ రోజు జరిగిన మేలు అదొక్కటే. తరువాత ఇటుకల మీదికి ఎత్తి, కింద కొంచెం కొంచెంగా బొగ్గు వేశాడు. పన్నెండు దాటింది.

"ఇంకెంతసేపు మల్లయ్యా?"

"పరేషాన్ గాకుండ్రి. రాయి మీద చెయ్యి ఆనకుండ పెట్టుండ్రి. మూడు లెక్కవెట్టేలోపు గుంజుకుంటే అయినట్టు."

ఎనిమిది వరకు లెక్కపెట్టగలిగాను. సుబ్బారావు గారు విసనకర్ర అందుకున్నారు. కాసేపటికి అయిదు. ఒంటిగంటకు పది నిమిషాలుండగా మూడు.

మేనేజరు వచ్చి మూలనున్న గ్రిల్ చూశాడు. "ఎవరింటి కిటికీ అయ్యా ఇది?" అప్పటికే పల్చగా దంచిన ముక్కలు రాయి మీద చుర్రుమంటున్నాయి. అతిథులు పళ్లెం పట్టుకుని ఎండలోనే వరుస కట్టారు. రెండోసారి కట్టారు. రాయిని ఫోటో తీశారు, గ్రిల్‌ను తీయలేదు.

సోమవారం సంతకం అయింది. మల్లయ్య వచ్చి, అరుగు రాయి మసిబారింది, ఇంట్లో లొల్లి అవుతున్నదన్నాడు. దాన్ని ఇసుకతో నేనే రుద్దాను. పూర్తిగా పోలేదు.

గ్రిల్ లేనివారు దాని కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. రాయి దొరక్కపోతే మందపాటి ఇనుప పెనం చాలు. వంకాయలకు, ఉల్లిపాయలకు రెండు ఇటుకల మధ్య సైకిలు ఊచలు సరిపోతాయి, మెరిసే పూత లేనివైతేనే. చేయించాలనే ఉంటే, ఏం కావాలో రాసినంత వివరంగా ఏం వద్దో కూడా రాయాలి.

ఆ డ్రాయింగులో ఇప్పుడు పన్నెండు నోట్లున్నాయి. ఆ గ్రిల్ మీద ఇప్పటివరకు కాల్చిన ముక్కలు సున్నా.